మన ఇంటి చరిత్ర సేకరించడం, దాచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీతోనే. ముందు మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రాయండి. తర్వాత అమ్మానాన్నలవి, ఆ తర్వాత వాళ్ళ అమ్మానాన్నలవి. తెలిసినదాని నుంచి తెలియనిదాని వైపు ఒక్కో మెట్టే వెనక్కి వెళ్ళాలి. చాలామంది "మా వంశంలో ఫలానా గొప్పాయన ఉండేవాడట" అన్న మాట పట్టుకుని ఆయన దగ్గర మొదలుపెట్టి కిందికి దిగబోతారు. అలా చేస్తే ఆయనకీ మీకూ మధ్య ఉన్న ఖాళీని ఊహతో నింపాలనిపిస్తుంది. నింపేస్తారు కూడా.

మొదటి రోజు నుంచే ఒక అలవాటు చేసుకోండి. ప్రతి వివరం పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో, ఎప్పుడో రాయండి. "పెద్దత్త ఫోన్‌లో చెప్పింది, 2024 జూన్" అని రాసినా చాలు. ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి మర్చిపోకండి. మీ నోట్సు ఎప్పుడో ఒకరోజు మీ గొంతు కూడా వినని మనిషి చదువుతారు. వాళ్ళకి అనుమానం వస్తే మీకు ఫోన్ చేసి అడగలేరు.

కాగితాలు ముందా, మనుషులు ముందా?

మనుషులు. ఆఫీసుల్లో ఉన్న రికార్డులు వచ్చే ఏడాదీ ఉంటాయి.

పెద్దవాళ్ళని ఏం అడగాలి?

"మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడక్కండి. అంత పెద్ద ప్రశ్నకి "చెప్పడానికి ఏముంది, అందరిలాగే బతికాం" అన్న జవాబే వస్తుంది. చిన్న ప్రశ్నలు అడగండి. చిన్నప్పటి ఇంట్లో గుమ్మం దాటి లోపలికి వస్తే ఎడమపక్క ఏముండేది? ఎవరెక్కడ పడుకునేవాళ్ళు? నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి? ఇంట్లో ఎవరంటే భయం? మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు? ఊరు విడిచి వచ్చేటప్పుడు వెంట ఏం తెచ్చుకున్నారు?

ఇల్లు గీయమని కాగితం, పెన్సిలు ఇచ్చి చూడండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గది గీస్తూ "ఇక్కడ మా నాన్నమ్మ మంచం" అనగానే ఆ నాన్నమ్మ గురించి అరగంట మాట్లాడతారు. పాత ఫొటోలు కూడా అలాగే పనిచేస్తాయి. ఫొటోలో మధ్యలో నిలబడ్డవాళ్ళ గురించి అందరూ అడుగుతారు. మీరు చివర్లో సగం కనబడే మనిషి గురించి అడగండి.

తేదీలతో వేధించకండి. "అది ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పేవాళ్ళకి టెన్షన్, కథ కూడా తెగిపోతుంది. "అప్పటికి తమ్ముడు పుట్టాడా?", "అప్పటికి కరెంటు వచ్చిందా?" అని అడిగితే సంవత్సరం మీరే లెక్కగట్టుకోవచ్చు. తప్పు చెబుతున్నారని తెలిసినా మధ్యలో సరిదిద్దకండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే ఉండాలి, మీ దిద్దుబాటు నోట్సులో రాసుకోండి. జవాబు అయిపోయిందనిపించాక కూడా కాసేపు ఊరుకోండి. అసలు సంగతి చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ఒక్కసారికి ముప్పావుగంట, మహా అయితే గంట చాలు. మొదటిసారి కంటే రెండోసారి కూర్చున్నప్పుడు బాగా చెబుతారు, ఎందుకంటే ఈ మధ్యలో వాళ్ళకి గుర్తొచ్చినవి పోగై ఉంటాయి.

రికార్డు చేయడానికి ప్రత్యేకమైన పరికరాలు కావాలా?

ఫోన్ చాలు. దాన్ని మాట్లాడేవాళ్ళకి దగ్గరగా, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఫ్యాను, టీవీ ఆపండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే మంచి చోట ఎవరో ఒకరు కాల్ చేస్తారు. ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. మొదట్లోనే మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో, వాళ్ళు మీకు ఏమవుతారో చెప్పండి. ఫైలు పేరు పోయినా ఆ వివరం లోపలే ఉంటుంది.

రికార్డు చేస్తున్నామని చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. దొంగచాటు రికార్డింగు వద్దు. తర్వాత తెలిస్తే ఆ ఇంట్లో ఇంకెవరూ మీతో నోరు విప్పరు. వీడియో తీస్తే సంతోషమే కానీ కెమెరా చూడగానే బిగుసుకుపోయేవాళ్ళయితే ఆడియోతో సరిపెట్టుకోండి.

ఇద్దరు ఒకే సంఘటన రెండు రకాలుగా చెబుతున్నారు. ఏం చేయాలి?

రెండూ రాయండి, పేర్లతో సహా. అన్న చెప్పిన కథలో తండ్రి కఠినుడు, చెల్లెలు చెప్పిన కథలో అదే తండ్రి మెత్తటివాడు కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆలస్యమైపోయిందా?

మీ శాఖలో మిగలకపోవచ్చు. మీ తాతగారి తమ్ముడి మనవలు ఉంటారు, మేనత్త అత్తవారి వైపువాళ్ళు ఉంటారు, పక్కింట్లో నలభై ఏళ్ళు ఉన్నవాళ్ళు ఉంటారు. ఇంటి కాగితాలు, ఫొటోలు పెద్దకొడుకు దగ్గరే ఉండాలని లేదు. చివరిరోజుల్లో ఎవరింట్లో ఉన్నారో అక్కడ వెతకండి.

కాగితాలంటే దస్తావేజులు మాత్రమే కాదు. స్కూలు సర్టిఫికెట్లు, ఉద్యోగపు సర్వీసు పుస్తకాలు, పాత పాస్‌పోర్టులు, బ్యాంకు పాస్‌పుస్తకాలు, శుభలేఖలు, ఆసుపత్రి చీటీలు, ఉత్తరాల కవర్లు కూడా కావాలి. కవరు మీది పోస్టు ముద్ర తేదీతో సహా ఊరు చెబుతుంది. లోపలి ఉత్తరంలో ఆ రెండూ లేకపోవచ్చు. పుస్తకాల మొదటి పేజీలు తిరగేయండి, బహుమతి ఇచ్చినవాళ్ళ పేరూ తేదీ ఉంటాయి.

పుట్టిన తేదీ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఏది నమ్మాలి?

ప్రతి కాగితాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. సంఘటన జరిగిన ఎంతకాలానికి రాశారు? రాయించినవాళ్ళకి ఆ సంగతి స్వయంగా తెలుసా? తేదీ అటూ ఇటూ మారితే ఎవరికైనా లాభముందా?

మరణ ధ్రువపత్రాన్నే తీసుకోండి. చనిపోయిన తేదీకి అది గట్టి సాక్ష్యం. అందులోనే ఉన్న పుట్టిన తేదీ మాత్రం కొడుకో అల్లుడో దుఃఖంలో ఉండి గుర్తున్నంత వరకు చెప్పినది. అంటే ఒకే కాగితంలో ఒక వరస నమ్మదగ్గది, ఇంకో వరస కాకపోవచ్చు. బడిలో వేసిన తేదీ, సైన్యంలో చేరేటప్పుడు చెప్పిన వయసు, పెళ్ళి రిజిస్టరులో రాసిన వయసు, వీటన్నిటి వెనకా ఏదో ఒక అవసరం ఉండే వీలుంది. దొరికిన తేదీలన్నీ రాసి, ఏది ఎక్కువ నమ్ముతున్నారో, ఎందుకో ఒక వాక్యం చేర్చండి. మిగతావి చెరిపేయకండి.

క్యాలెండరు కూడా మోసం చేస్తుంది. బ్రిటన్, దాని వలసలు 1752లో పాత జూలియన్ క్యాలెండరు నుంచి ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌కి మారాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 2 తర్వాతి రోజు సెప్టెంబర్ 14 అయింది. అంతకుముందు ఇంగ్లండులో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. రష్యా 1918లో, గ్రీస్ 1923లో మారాయి. మీ వెతుకులాట అంత వెనక్కి వెళ్ళకపోయినా 03/04/1952 అన్న తేదీతో ఇబ్బంది తప్పదు. అది ఏప్రిల్ 3 అని కొన్ని దేశాల్లో, మార్చి 4 అని అమెరికాలో చదువుతారు. మీరు రాసేటప్పుడు నెలని అక్షరాల్లో రాయండి.

ఇంటిపేరు స్పెల్లింగు మారితే వాళ్ళు వేరే కుటుంబమా?

కానక్కర్లేదు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న కాలం చాలా ఉంది. రాయించుకున్నవాళ్ళకి చదువు రాకపోతే తప్పు పట్టేవాళ్ళే లేరు. వెతికేటప్పుడు పేరుని బయటికి పలికి, ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాసుకుని, ఒక్కోటీ పెట్టి వెతకండి.

ఒక ప్రచారం గురించి ఇక్కడే చెప్పాలి. "న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు మా ముత్తాత పేరు మార్చేశారు" అని చాలా కుటుంబాలు చెప్పుకుంటాయి. 1892 నుంచి 1954 దాకా నడిచిన ఆ వలసల తనిఖీ కేంద్రంలో అధికారులు కొత్తగా పేర్లు రాసుకోలేదు. ఓడ బయల్దేరిన రేవులోనే కంపెనీ గుమాస్తాలు తయారుచేసిన ప్రయాణికుల జాబితాని సరిచూసేవారు. పేర్లు మారిన మాట నిజమే, కానీ ఎక్కువగా తర్వాతి కాలంలో వలస వచ్చినవాళ్ళే మార్చుకున్నారు. ఇలాంటి ఇంటి కథల్ని పారేయకండి. "కథ ఇలా చెబుతారు, రికార్డు ఇలా ఉంది" అని రెండూ పక్కపక్కన పెట్టండి.

ప్రభుత్వ రికార్డుల్లో ఏమేమి వెతకాలి?

జనన, వివాహ, మరణ నమోదులు, జనాభా లెక్కలు, భూమి పత్రాలు, వీలునామాలు, కోర్టు కేసులు, సైనిక రికార్డులు, ఓడ ప్రయాణికుల జాబితాలు, శ్మశానాల రిజిస్టర్లు. ఏ దేశంలో ఏది ఎప్పటి నుంచి ఉందో ముందు తెలుసుకుంటే వృథా శ్రమ తప్పుతుంది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వమే చేసే పౌర నమోదు 1792లో, ఇంగ్లండు, వేల్స్‌లో 1837 జూలైలో మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లు చూడాలి. ఇంగ్లండులో వాటిని రాయాలన్న ఉత్తర్వు 1538 నాటిది. జపాన్‌లో కుటుంబాన్ని ఒక యూనిట్‌గా నమోదుచేసే కోసెకి పద్ధతి ఆధునిక రూపంలో 1872లో వచ్చింది.

జనాభా లెక్కల్లో మనుషుల వివరాలు వెంటనే బయటపెట్టరు. అమెరికాలో 72 ఏళ్ళు ఆగుతారు, 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. ఇంగ్లండు, వేల్స్‌లో వందేళ్ళు, 1921 లెక్కలు 2022 జనవరిలో వచ్చాయి. కొన్ని దేశాల్లో అసలు బయటపెట్టరు.

నాకు కావలసిన రికార్డు కాలిపోయిందన్నారు. ఇక అంతేనా?

కాలిపోవడం మామూలే. అమెరికా 1890 జనాభా లెక్కల్లో చాలా భాగం 1921 అగ్నిప్రమాదంలో దెబ్బతిని, తర్వాత పూర్తిగా పోయింది. ఇంగ్లండు, వేల్స్ 1931 లెక్కలు 1942లో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు, అంటే 1921 నుంచి 1951 దాకా ముప్పై ఏళ్ళ ఖాళీ. 1922లో డబ్లిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఐర్లండ్ పబ్లిక్ రికార్డు ఆఫీసు తగలబడి శతాబ్దాల కాగితాలు పోయాయి.

అయితే ఆ డబ్లిన్ కథ అక్కడితో ఆగలేదు. పోయిన కాగితాల నకళ్ళు, పాత పరిశోధకులు చేతిరాతతో తీసుకున్న సారాంశాలు, వేరే దేశాల ఆఫీసులకి పంపిన ప్రతులు వెతికి పోగుచేసి 2022లో ఆన్‌లైన్‌లో పెట్టారు. మీరూ అదే పని చేయాలి. జనన రిజిస్టరు పోతే బడి రిజిస్టరు, అదీ లేకపోతే ఉద్యోగంలో చేరినప్పటి ఫారం. ఒక సంఘటన ఒకే కాగితంలో ఉండిపోవడం అరుదు.

ఇంటర్నెట్‌లో మా వంశవృక్షం రెడీగా దొరికింది. దింపుకోవచ్చా?

ఆధారంగా తీసుకోకండి, ఆచూకీగా తీసుకోండి. పది చోట్ల ఒకే తేదీ కనబడితే పది సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. ఒకరు వేసిన తప్పుని తొమ్మిదిమంది కాపీ చేసి ఉండవచ్చు. తల్లి కంటే కూతురు పెద్దదిగా ఉన్న వృక్షాలు కూడా ఆన్‌లైన్‌లో నిశ్చింతగా నిలబడి ఉంటాయి.

వెతకడానికి మాత్రం ఆన్‌లైన్ సైట్లు గొప్ప సాయం. ఫ్యామిలీసెర్చ్ ఉచితం. దాని మూలం 1894లో అమెరికాలో మొదలైన యూటా వంశావళి సంఘం. 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి రికార్డులని మైక్రోఫిల్ములోకి ఎక్కించారు, ఆ 24 లక్షల చుట్టల డిజిటైజేషన్ 2021లో పూర్తయింది. అందులో ఉన్న ఉమ్మడి వృక్షాన్ని మాత్రం ఎవరైనా మార్చవచ్చు. కాబట్టి రికార్డుల బొమ్మలు చూడండి, వృక్షాన్ని అనుమానంతో చూడండి. యాన్సెస్ట్రీ, మైహెరిటేజ్ లాంటివి చందా కడితేనే పూర్తిగా తెరుచుకుంటాయి. ముందు మీ ప్రాంతం రికార్డులు ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు కట్టండి.

ఎన్ని తరాలు వెనక్కి వెళ్తే బాగా చేసినట్టు?

ఈ ప్రశ్నే నాకు నచ్చదు. పది తరాల పేర్లు మాత్రమే ఉన్న జాబితా కంటే, మూడు తరాల మనుషులు ఎలా బతికారో తెలిపే నలభై పేజీలు విలువైనవి.

లెక్క కూడా చూడండి. ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతామామ్మలు, ఎనిమిదిమంది ముత్తాతలూ ముత్తవ్వలూ. పదో తరానికి 1,024 స్థానాలు. ఇంటిపేరుతో వచ్చే వరస ఒక్కటే పట్టుకుంటే వాళ్ళలో ఒక్కరి గురించే తెలుసుకున్నట్టు. పోనీ ఆ 1,024 మందీ వేరువేరు మనుషులా అంటే అదీ కాదు. దగ్గర బంధువుల పెళ్ళిళ్ళలో ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో కనబడతారు. స్పెయిన్ రాజు 12వ అల్ఫాన్సోకి ఉండాల్సిన ఎనిమిదిమంది ముత్తాతలు, ముత్తవ్వల స్థానంలో నలుగురే ఉన్నారు. ఆయన తాతలిద్దరూ అన్నదమ్ములు కావడం ఒక్కటే కాదు కారణం. ఆయన తల్లీ తండ్రీ రెండు వైపుల నుంచీ కజిన్లు, అంటే ఇద్దరన్నదమ్ములు ఇద్దరక్కచెల్లెళ్ళని చేసుకుంటే పుట్టిన పిల్లలు.

ఇంతమందికి నంబర్లు ఇవ్వడానికి ఒక పాత పద్ధతి ఉంది. మీరు 1. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ళ తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. మీ తండ్రి 2, తల్లి 3, తల్లి తండ్రి 6, తల్లి తల్లి 7. మైకేల్ ఐట్జింగర్ 1590లో దీన్ని అచ్చువేశాడు. 1676లో వాడిన స్పెయిన్ రచయిత పేరు మీద సోసా నంబర్లని కూడా అంటారు.

ఆడవాళ్ళ వివరాలు దొరకడం లేదు. ఎందుకు?

రాసినవాళ్ళు రాయలేదు కాబట్టి. "ఫలానా వారి భార్య", "ఫలానా వారి తల్లి" అని వదిలేసిన రికార్డులు ఏ దేశంలోనైనా కోకొల్లలు. పెళ్ళితో ఇంటిపేరు మారే చోట అంతకు ముందరి మనిషి జాడ తెగిపోతుంది. కొన్ని సంప్రదాయ వంశావళుల్లో కూతుళ్ళని అసలు చేర్చలేదు. రెండు వేల ఏళ్ళు దాటిన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ వంశావళిలో కూడా ఆడవాళ్ళని మొదటిసారి చేర్చింది 2009 కూర్పులోనే. ఇరవై లక్షలకు పైగా పేర్లున్న గ్రంథమది.

ఆమెని వెతకాలంటే ఆమె చుట్టూ ఉన్నవాళ్ళని వెతకాలి. అన్నదమ్ముల వీలునామాలు, తండ్రి ఆస్తి పంపకాలు, పిల్లల జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు, పెళ్ళి సాక్షుల సంతకాలు. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన కొత్తమనిషి చాలాసార్లు పెళ్ళికూతురి మేనమామో అన్నో అవుతాడు. ఇక మీరు రాసే చరిత్రలో ప్రతి స్త్రీనీ పుట్టింటి పేరుతో రాయండి. ఇది ఖర్చు లేని పని, ముందు తరాలవాళ్ళు చేయలేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే అన్నీ తెలుస్తాయా?

పేర్లు తెలియవు. ఎవరితో ఎంత పంచుకున్నారో తెలుస్తుంది. సొంత తోబుట్టువులతో సగటున 50 శాతం, మేనమామ, పెదనాన్నల పిల్లలతో దాదాపు 12.5 శాతం, వాళ్ళ పిల్లలకీ మీ పిల్లలకీ మధ్య సుమారు 3 శాతం. ఇంకో తరం దిగితే ఒక శాతం లోపే. ఆ దూరంలో పదిమందిలో ఒకరికి పరీక్షకి అందేంత ఉమ్మడి భాగం ఉండకపోవచ్చు. కాబట్టి "మ్యాచ్ రాలేదు" అంటే చుట్టం కాదని అర్థం కాదు. తరతరాలుగా లోపలి పెళ్ళిళ్ళే జరిగిన సమూహాల్లో దీనికి తిరకాసు ఉంటుంది, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనబడతాడు.

వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి, మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తాయి. "మీరు ఇంత శాతం ఫలానా ప్రాంతం" అని రంగుల మ్యాపు ఇస్తారే, దాన్ని సరదాగా చూడండి. కంపెనీ పోల్చే నమూనాలు మారితే ఆ శాతాలూ మారతాయి.

పరీక్షకి ముందు రెండు సంగతులు ఆలోచించుకోండి. ఒకటి, తండ్రి అనుకున్నవారు తండ్రి కాదని తేలవచ్చు, ఎవరికీ తెలియని తోబుట్టువు బయటపడవచ్చు. మీరు సిద్ధంగా ఉన్నా మీ అమ్మ సిద్ధంగా ఉండకపోవచ్చు. రెండోది, మీ డీఎన్‌ఏ ఇస్తే మీ చుట్టాలది కూడా కొంత ఇచ్చినట్టే. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హత్యల నిందితుడిని పోలీసులు పట్టుకున్నది, దూరపు చుట్టాలు ఒక వంశావళి సైటులో పెట్టిన డీఎన్‌ఏ ద్వారానే. డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థలో 2023లో దాదాపు 69 లక్షలమంది సమాచారం బయటికి పోయింది, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. కంపెనీ చేతులు మారితే సమాచారం ఏమవుతుందో షరతుల్లో చదవండి.

పాత ఫొటోలని ఎలా స్కాన్ చేయాలి, ఎలా దాచాలి?

మామూలు సైజు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని) చాలు. పాస్‌పోర్టు సైజు వాటికి 1,200 పెట్టండి. దాచే ప్రతి టిఫ్ ఫార్మాట్‌లో, పంచుకునే ప్రతి జేపెగ్‌లో ఉంచండి. వెనకవైపు రాత, స్టూడియో ముద్ర ఉంటే వెనక్కి తిప్పి అదీ స్కాన్ చేయండి. రంగులు సరిచేయాలనిపిస్తే కాపీ మీద చేయండి. ఏఐతో ముఖాలు మెరుగుపరిచే యాప్‌లు లేని కనురెప్పలు కూడా గీస్తాయి. అలాంటిదాన్ని అసలు ఫొటో పేరుతో దాచకండి.

స్కాన్ అయ్యాక అసలు ఫొటో పారేయకండి. జిగురు పేజీలూ ప్లాస్టిక్ పొరా ఉండే ఆల్బమ్‌లు ఫొటోలని పాడుచేస్తాయి, పీవీసీ కవర్లు కూడా. ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టి పెట్టెలో పెట్టండి. అటక మీద, బయటి గోడకి ఆనుకుని, వంటగది పక్కన వద్దు. వేడి, తేమ పెద్దగా మారకుండా ఉండే లోపలి గది మంచిది. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే కాగితానికి హాయి. సెల్లోటేపు, రబ్బరుబ్యాండు, స్టేపుల్ పిన్ను, లామినేషన్, ఈ నాలుగూ నిషేధం. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్ళీ విడదీయడం దాదాపు అసాధ్యం.

ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో, అంచున, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను గుర్తు ముందువైపు తేలుతుంది. "నేను, అమ్మ, పిన్ని" అని రాయకండి. ఆ "నేను" ఎవరో చదివేవాళ్ళకి తెలియదు. పూర్తి పేరు రాయండి.

క్యాసెట్లు, వీడియో టేపులు ఉన్నాయి. ఫొటోల తర్వాత చూడొచ్చా?

టేపులే ముందు. ఫొటో మెల్లగా వెలిసిపోయినా కంటికి కనబడుతూనే ఉంటుంది. టేపులోని అయస్కాంత పూత దెబ్బతింటే గొంతు పోయినట్టే. పైగా ఆడించే యంత్రాలు కరువవుతున్నాయి. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి పెద్ద కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. బూజు పట్టిన టేపుని ఇంట్లో ఆడించి చూడకండి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. ఫిల్ము చుట్టల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వస్తోందా? అసిటేట్ ఫిల్ము కుళ్ళిపోవడం మొదలైనట్టు. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి త్వరగా డిజిటైజ్ చేయించండి.

డిజిటల్ ఫైళ్ళు ఎక్కడ దాచితే భద్రం?

ఒక్కచోట ఏదీ భద్రం కాదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. హార్డ్‌డిస్కుని సొరుగులో పెట్టి మర్చిపోకుండా ఏడాదికోసారి తెరిచి చూడండి, కొన్నేళ్ళకోసారి కొత్తదానిలోకి ఎక్కించండి. వాట్సాప్ గ్రూపుని దాచుకునే చోటుగా లెక్కపెట్టకండి. మామూలుగా పంపిన ఫొటోలని అది కుదించేస్తుంది.

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, తర్వాత నెల, ఊరు, మనుషుల పేర్లు. అప్పుడు ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

క్లౌడ్ ఖాతా మీతోపాటే పోగలదు. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాని గూగుల్ తొలగించవచ్చు. మీ తర్వాత ఖాతా ఎవరికి అందాలో ముందే చెప్పడానికి దానిలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సదుపాయం ఉంది, యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది. ఇవాళే ఒక పేరు పెట్టండి, పది నిమిషాల పని. ముఖ్యమైన భాగాన్ని కాగితం మీద అచ్చువేసి పెట్టడం కూడా మరవకండి. కాగితానికి పాస్‌వర్డు అక్కర్లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

జెడ్‌కామ్ ఫార్మాట్‌లో బయటికి తీసుకోనిచ్చేది ఏదైనా సరే. 1984లో వచ్చిన ఈ ఫార్మాట్ వంశావళి ప్రోగ్రాములన్నిటికీ ఉమ్మడి భాష లాంటిది. ఉచితంగా కావాలంటే గ్రాంప్స్ ఉంది. ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఫొటోలు వెంట వచ్చాయో లేదో చూసుకోండి, చాలాసార్లు రావు.

ఇంట్లో అందరూ దాచిన విషయం ఒకటి తెలిసింది. రాయాలా?

జైలుశిక్ష, ఆత్మహత్య, రెండో కుటుంబం, దత్తత, మానసిక జబ్బు, అప్పులు. ఏ ఇంటి చరిత్ర తవ్వినా వీటిలో ఏదో ఒకటి తగులుతుంది. నా అభిప్రాయం చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. సేకరించడం వేరు, పంచడం వేరు. నిజాన్ని ఆధారాలతో సహా రాసి దాచండి, కానీ దానివల్ల ఇవాళ గాయపడే మనిషి బతికి ఉంటే పంచే ప్రతిలో పెట్టకండి. మూసిన కవరు మీద "ఫలానా సంవత్సరం తర్వాత తెరవండి" అని రాసి పెట్టవచ్చు. పెద్దపెద్ద ఆర్కైవులు కూడా ఇలాంటి గడువులు పెడతాయి.

చేయకూడనిది అబద్ధం రాయడం. ఒక విషయం వదిలేయవచ్చు, దాని స్థానంలో కల్పన పెట్టకూడదు. దత్తత అయినవారి విషయంలో వాళ్ళకి తెలియకముందు మీ పుస్తకం ద్వారా తెలియడం ఘోరం. ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు.

బతికున్నవాళ్ళ పూర్తి పుట్టినతేదీలు, చిరునామాలు ఆన్‌లైన్ వృక్షంలో పెట్టకండి. బ్యాంకులు అడిగే భద్రతా ప్రశ్నలకి జవాబులు అవే.

పిల్లలకి ఆసక్తి లేదు. ఎవరికోసం ఇదంతా?

వంశవృక్షం చూపిస్తే పిల్లలకే కాదు, పెద్దలకీ ఆవలింతలే. మీ తాతకి లెక్కల్లో సున్నా వచ్చిన కథ చెప్పండి, వింటారు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 2000 ప్రాంతంలో పిల్లలని ఇరవై ప్రశ్నలు అడిగారు: అమ్మానాన్నలు ఎక్కడ కలిశారు, తాతామామ్మలు ఎక్కడ పెరిగారు, ఇంట్లో జరిగిన కష్టమేమిటి లాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. కథలు చెప్పినందువల్లే అలా అయిందని దాంతో రుజువు కాదు. కూర్చుని మాట్లాడుకునే ఇల్లు కావడమే అసలు కారణం కావచ్చు.

ఆసక్తి తరచుగా నలభై దాటాక పుడుతుంది. అప్పటికి అడగడానికి మీరు ఉండకపోవచ్చు కాబట్టే ఇప్పుడు రాసిపెట్టమనేది.

అన్నీ దొరికాక పుస్తకం రాద్దామనుకుంటున్నాను. సరేనా?

అన్నీ ఎప్పటికీ దొరకవు. ఉన్నదాంతో ముప్పై పేజీలు రాసి, "మొదటి కూర్పు" అని తేదీ వేసి, చుట్టాలకి పంచండి. తప్పులు చూసి ఫోన్లు చేస్తారు. ఇంతకుముందు అడిగినా చెప్పనివాళ్ళు తప్పు దిద్దడానికి మాత్రం ఉత్సాహంగా ముందుకొస్తారు, వచ్చినప్పుడు కొత్త సంగతులూ చెబుతారు.

నా తర్వాత ఈ పెట్టెలు ఎవరికి?

ఇప్పుడే ఒకరిని ఎంచుకుని, వాళ్ళకి చెప్పి, ఎక్కడేముందో ఒకసారి చూపించండి. పెట్టె మూత లోపల ఒక పేజీ అంటించకుండా పెట్టండి: ఇందులో ఏముంది, డిజిటల్ ప్రతులు ఎక్కడున్నాయి, ఎవరెవరికి కాపీలు ఇచ్చాను. అసలు కాగితాలని వాటాలు వేయకండి. అసలువి ఒక్కచోట, స్కాన్లు అందరికీ.

ఇంట్లో తీసుకునేవాళ్ళు లేకపోతే గ్రంథాలయాలు, ఆర్కైవులు, విశ్వవిద్యాలయాలని అడగండి. వాళ్ళకి వంశవృక్షం కంటే ఉత్తరాలు, డైరీలు, జమాఖర్చు పుస్తకాలు, పేర్లు రాసిన ఫొటోలు ఇష్టం. ముందుగా అడక్కుండా పెట్టెలు తీసుకెళ్ళి దింపకండి. ఇచ్చేటప్పుడు ఎవరు చూడవచ్చు, ఎప్పటి నుంచి, మీ కుటుంబానికి కాపీలు ఇస్తారా లేదా, అవసరం లేదనుకున్నవి తిరిగి ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోండి.